పట్టీలు నేసిన చేతులు: మధ్యయుగ సంఘచరిత్రలో సన్నని నేతపని

ఉపోద్ఘాతము

1827వ సంవత్సరములో ఉత్తర ఇంగ్లాండులోని డర్హామ్ కెథీడ్రల్‌లో కత్బర్టు అను భక్తుని సమాధిని తెరిచారు. క్రీ.శ. 687లో మరణించిన ఈ బిషప్పు శవపేటికలో ఎముకలతోపాటు కొన్ని పాత వస్త్రములు బయటపడ్డాయి. వాటిలో ఒక స్టోల్ (ఆరాధన సమయములో గురువులు మెడపై వేసుకొను పొడవాటి పట్టీ), ఒక మనిపుల్ (ఎడమ ముంజేతిపై వేసుకొను చిన్న పట్టీ) ఉన్నాయి. పట్టు మీద బంగారు దారముతో ప్రవక్తల రూపములు, భక్తుల రూపములు కుట్టిన పని అది. వాటి చివరలయందు లాటిను అక్షరములు కూడా కుట్టి ఉన్నాయి. ఎల్ఫ్లేడ్ వీటిని చేయించిందనియు, భక్తిగల బిషప్పు ఫ్రిథెస్టాను కొరకు చేయించిందనియు వాటి భావము.

ఎల్ఫ్లేడ్ వెసెక్స్ రాజైన పెద్ద ఎడ్వర్డు భార్య. ఫ్రిథెస్టాను 909లో వించెస్టరు బిషప్పు అయ్యాడు. రాణి 916 నాటికి కన్నుమూసిందని చరిత్రకారులు లెక్కిస్తారు. కాబట్టి ఈ వస్త్రములు ఆ ఏడేండ్ల మధ్యకాలములో తయారైనవి. 934లో ఎథెల్‌స్టాన్ రాజు ఉత్తరదేశమునకు వెళ్ళినప్పుడు కత్బర్టు సమాధికి సమర్పించిన కానుకలతో ఇవి అక్కడికి చేరి ఉంటాయని పండితుల అభిప్రాయము.

చేయించినది ఎవరో మనకు తెలుసు. ధరించవలసినది ఎవరో కూడా తెలుసు. అయితే సూది పట్టినది ఎవరు? ఆ వస్త్రముల అంచులకు కుట్టిన సన్నని పట్టీలను దారము దారముగా నేసినది ఎవరు? ఆ పేర్లు ఎక్కడా లేవు. సంఘచరిత్రను చదువుకొను మనము ఈ మౌనమును ఎట్లు అర్థము చేసుకోవాలి? ఈ వ్యాసములో మేము మధ్యయుగ ఐరోపాలోని సన్నని పట్టీల నేతను ఆధారముగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలిస్తున్నాము.

1. పలకల నేత అనగా ఏమి?

డర్హామ్ వస్త్రముల అంచు పట్టీలు మగ్గము మీద నేసినవి కావు. వాటిని పలకలతో నేశారు. ఎముకతోగాని, చెక్కతోగాని, కొమ్ముతోగాని చేసిన చిన్న చదరపు పలకకు నాలుగు మూలలా నాలుగు రంధ్రములు ఉంటాయి. ఒక్కొక్క రంధ్రములో ఒక్కొక్క పడుగు దారము ఎక్కిస్తారు. ఇట్టి పలకలను పది, ఇరవై, యాభై వరకు పక్కపక్కన పేర్చి పట్టుకుంటారు. పడుగు ఒక చివరను గుంజకు కట్టి, మరొక చివరను నేయువారు తమ నడుముకే కట్టుకొనవచ్చును. అంతకు మించి పరికరము అవసరము లేదు.

పలకలు నిలబడియున్నప్పుడు పై దారములకు, క్రింది దారములకు మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోగుండా పేక దారమును పోనిచ్చి గట్టిగా నొక్కుతారు. తరువాత పలకలన్నిటిని పావువంతు త్రిప్పుతారు. పైన ఉన్న ఒక దారము క్రిందికి, క్రింద ఉన్న ఒక దారము పైకి వస్తాయి. మరల పేక, మరల త్రిప్పుట. ఈ విధముగా ఒక్కొక్క పలకలోని నాలుగు దారములు పేక చుట్టూ మెలిపడి సన్నని త్రాడువలె అవుతాయి. అట్టి త్రాళ్లన్నిటిని పేక కలిపి ఉంచుతుంది. అందుచేత ఈ పట్టీ మామూలు గుడ్డకంటె దళసరిగా, లాగినా సాగనిదిగా ఉంటుంది. నవారు మంచము ఎరిగిన మన పాఠకులకు పట్టీ గట్టిదనము ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. పేక లోపల దాగి, అంచులలో మాత్రమే కనబడుతుంది. రంగు, నమూనా అంతా పడుగులోనే ఉంటుంది. బంగారు పని కావలసినప్పుడు బంగారు దారమును అదనపు పేకగా పైభాగమున పోనిస్తారు.

ఈ విద్య క్రైస్తవ్యముకంటె పాతది. జర్మనీలోని హోఖ్‌డోర్ఫ్ వద్ద 1978-79లో త్రవ్విన క్రీ.పూ. 6వ శతాబ్దపు సమాధిలో పలకలతో నేసిన పట్టీలు దొరికాయి. నార్వేలోని ఓసెబర్గ్ వద్ద 834లో ఇద్దరు స్త్రీలను ఓడతో సహా పాతిపెట్టారు. 1904లో ఆ ఓడను త్రవ్వినప్పుడు 52 పలకలు, వాటిలో ఎక్కించిన దారములు, సగములో ఆగిన నేత ఇంకా అట్లే ఉన్నాయి.

2. లేఖనములలో సన్నని నేత

ప్రత్యక్షగుడారపు వర్ణనలో వెడల్పాటి తెరలతోపాటు సన్నని వాటికి కూడా స్థానమున్నది. ఏఫోదుకు దట్టి (నిర్గమ 28:8), యాజకునికి నడికట్టు (28:39), పతకమును కట్టుటకు నీలి సూత్రము (28:28) చెప్పబడినవి. సంఖ్యాకాండము 15:38లో ప్రతి ఇశ్రాయేలీయుని వస్త్రపు అంచున నీలి సూత్రము ఉండవలెనను ఆజ్ఞ ఉన్నది. ఆజ్ఞలను జ్ఞాపకము చేసుకొనుటకు దేవుడు ఇచ్చిన గుర్తు దారములోనే ఉన్నది.

నిర్గమ 39:3లో బంగారమును రేకులుగా కొట్టి, తీగెలుగా కత్తిరించి, నూలు మధ్య కలిపి పని చేసినట్లు చదువుతాము. ఈ వచనమును మనము త్వరగా దాటిపోతాము. డర్హామ్ వస్త్రములను చూచినవారు ఇక్కడ ఆగుతారు. అక్కడ కూడా సన్నని బంగారు పట్టీని పట్టు దారము చుట్టూ చుట్టి వాడారు. రెండు పనుల మధ్య రెండు వేల ఏండ్లకు పైగా దూరమున్నను, లోహమును దారముతో చేర్చుట అను కష్టము ఒక్కటే.

మరొక సంగతి. ఆ పనికి పెద్దలైన బెసలేలు, అహోలీయాబుల పేర్లు, వారి తండ్రుల పేర్లు, గోత్రములు వ్రాయబడ్డాయి. నీల, ధూమ్ర, రక్తవర్ణముల నూలును, మేకవెండ్రుకలను వడికిన స్త్రీలు వివేక హృదయము గలవారని నిర్గమ 35:25-26 సాక్ష్యమిస్తుంది. వారిలో ఒక్కరి పేరును ఇవ్వలేదు. అయితే లేఖనము వారి జ్ఞానమును గుర్తించింది. వారు చేసినది కూలిపని అని అనలేదు, వివేకముతో చేసిన పని అన్నది. మధ్యయుగ సంఘము ఈ రెండవ భాగమును ఎంతవరకు నిలుపుకొన్నదో ఇప్పుడు చూద్దాము.

3. రాణుల కానుకలు

జర్మనీలోని ఆగ్స్‌బర్గులో ఒక నడికట్టు భద్రపరచబడి ఉన్నది. 861 నుండి 887 వరకు అక్కడ బిషప్పుగా ఉన్న విట్గారుకు హెమ్మా రాణి ఇచ్చిన కానుక అది. జర్మను రాజైన లూయీ భార్య హెమ్మా 876లో మరణించింది. ఎర్రని పట్టులో బంగారు దారముతో, పలకలతో నేసిన ఈ నడికట్టులో లాటిను పద్యమే నేయబడినది. ఇచ్చిన రాణి పేరు, పుచ్చుకొన్న బిషప్పు పేరు అందులో ఉన్నాయి. ఒక్కొక్క అక్షరము కొరకు ఏ పలకను ఎటు త్రిప్పాలో, ఏ దారమును పైకి ఎత్తాలో లెక్కపెట్టినవారు అక్షరాస్యులో కాదో మనకు తెలియదు. అయితే వారి లెక్క తప్పలేదు.

ఇట్టి సంగతి ఐరోపాకే పరిమితము కాదు. బర్మాలో తాటియాకు గ్రంథములను చుట్టిపెట్టుటకు పలకలతో నేసిన సజీజో అను పట్టీలలో దాతల పేర్లు, వారి పుణ్యకార్యములు అక్షరములుగా నేయబడినవి. దాత పేరు నిలుచుటకు నేతను సాధనముగా వాడుట వేర్వేరు మతములలో కనబడుచున్నది.

డన్‌స్టన్ చరిత్రలో మరొక దృశ్యమున్నది. 10వ శతాబ్దములో తరువాత కాంటర్బరీ ఆర్చిబిషప్పు అయిన ఇతడు యౌవనములో ఎథెల్విన్ అను కులీన స్త్రీ కోరగా ఆమె ఇంటికి వెళ్ళి, స్టోల్ మీద కుట్టుటకు బొమ్మలు గీసి ఇచ్చాడని అతని జీవితచరిత్ర చెబుతుంది. ఆమె, ఆమెతో ఉన్న పనికత్తెలు దానిని కుట్టవలసి యున్నది. గీయుట సన్యాసి పని, కుట్టుట స్త్రీల పని. ఇద్దరి చేతులు కలిసి ఒక ఆరాధన వస్త్రము తయారైనది. చరిత్రకారుడు దీనిని వ్రాసిన కారణము వేరు: గోడకు తగిలించిన వీణ తానే మ్రోగిన అద్భుతము. స్త్రీల పని ఆ అద్భుతమునకు నేపథ్యముగా మాత్రమే మిగిలింది.

4. మెచ్చుకొనుట, మందలించుట

సంఘము ఈ పనిని వాడుకొన్నది. అదే సమయములో అనుమానించినది కూడా. 731లో ముగించిన తన సంఘచరిత్రలో బీడ్ కోల్డింగ్‌హామ్ మఠమును గూర్చి వ్రాస్తూ, అక్కడి సన్యాసినులు ప్రార్థన మాని, తమను అలంకరించుకొనుటకును బయటి పురుషుల స్నేహము సంపాదించుటకును సన్నని వస్త్రములు నేయుచున్నారని నిందిస్తాడు. ఆ మఠము అగ్నికి ఆహుతి కావడమును దేవుని తీర్పుగా వివరిస్తాడు. 747లో క్లోవెషోలో కూడిన సభ, సన్యాసినులు రంగురంగుల వ్యర్థ వస్త్రములు నేయుటకంటె గ్రంథములు చదువుట, కీర్తనలు పాడుట మేలని ఆదేశించింది.

13వ శతాబ్దపు ఆరంభములో ఇంగ్లాండులో ఒంటరి ధ్యానజీవితము గడుపు స్త్రీల కొరకు వ్రాసిన అంక్రెన్ విస్సె అను గ్రంథములో మరింత నిదానమైన సలహా కనబడుతుంది. స్నేహితులను సంపాదించుకొనుటకు సంచులు అల్లవద్దు. అనుమతి లేకుండా పట్టు కట్టులు, నాడాలు చేయవద్దు. సంఘపు వస్త్రములను, బీదల బట్టలను కుట్టుచు బాగుచేయుచు ఉండుడి. ఇక్కడ చేతిపనిని నిషేధించలేదు. అది ఎవరి కొరకు అను ప్రశ్నను ముందుంచారు. కాపరులు కూడా ఆలోచింపదగిన ప్రశ్న ఇది.

మరొక ప్రక్క పొగడ్త ఎటు దారితీసిందో కూడా గమనించాలి. 1246లో నాలుగవ ఇన్నోసెంటు పోపు ఇంగ్లీషు గురువుల వస్త్రములపై బంగారు పట్టీలను చూచి, అట్టివి పంపమని ఇంగ్లాండులోని సిస్టెర్షియను మఠాధిపతులకు వ్రాశాడని మాథ్యూ పారిస్ అను సన్యాసి చరిత్రకారుడు నమోదు చేశాడు. లండను వర్తకులు తమకు తోచిన ధరకు అమ్ముకొన్నారని కూడా అతడే ఎత్తిపొడుస్తాడు. అంతకు నూరేండ్లకు పైగా ముందు, 1125 ప్రాంతములో, అదే సిస్టెర్షియను సమాజపు నాయకుడైన క్లేర్వో బెర్నార్డు సంఘము గోడలకు బంగారము తొడిగి బీదలను దిగంబరులుగా విడిచిపెడుతుందని గద్దించాడు. ఆ గద్దింపు న్యాయమైనది. అయితే అది ధరించినవారికి, ధనమిచ్చినవారికి తగులవలసినది. రాత్రి దీపపు వెలుతురులో కండ్లు పాడుచేసుకొన్నవారికి కాదు.

ఈ అయోమయమును ఒక మాట చక్కగా చూపుతుంది. 673లో ఈలీ మఠమును స్థాపించిన ఎథెల్‌త్రిత్ మెడపై గడ్డతో మరణించింది. చిన్నతనములో ఆభరణములు ధరించిన గర్వమునకు ఇది శిక్ష అని ఆమె భావించినట్లు బీడ్ వ్రాశాడు. ఆమె పేరే తరువాత ఆడ్రీ అయినది. ఈలీలో ఆమె పేరిట జరుగు తిరునాళ్లలో సెయింట్ ఆడ్రీ నాడాలు అనగా మెడలో కట్టుకొను పట్టు రిబ్బనులు అమ్మేవారు. కాలక్రమములో ఆ సరుకు నాసిరకమైనది. ఆ పేరునుండే ఇంగ్లీషులో చవకబారు ఆడంబరమునకు టాడ్రీ అను మాట పుట్టింది. మెడ అలంకారమును విడిచిన భక్తురాలి పేరు చివరకు మెడ అలంకారమునకే మిగిలింది.

5. లండను పట్టుపని స్త్రీలు

మఠము గోడల వెలుపల ఈ పని జీవనాధారము. 14, 15వ శతాబ్దముల లండనులో పట్టు దారము తీయుట, రిబ్బనులు, నాడాలు, నడికట్లు, కుచ్చులు చేయుట పూర్తిగా స్త్రీల చేతులలో ఉండేది. వారిని పట్టుపని స్త్రీలు అనేవారు. వారు పురుష వృత్తులలోవలెనే ఒప్పంద పత్రములు వ్రాసి ఆడపిల్లలను శిష్యురాండ్రుగా చేర్చుకొనేవారు. అయినను వారికి స్వంత వృత్తిసంఘము ఏర్పడలేదు. పారిస్‌లో 1268 ప్రాంతములో ఎటియెన్ బ్వాలో కూర్చిన వృత్తుల గ్రంథములో పట్టుపని స్త్రీల సంఘములకు నియమములు ఉన్నాయి. కొలోనులో 1437లో అట్టి సంఘమునకు గుర్తింపు వచ్చింది. లండనులో రాలేదు.

అయినను వారు మౌనముగా ఉండలేదు. 1368లో నికొలస్ సార్దూష్ అను లంబార్డు వర్తకుడు పట్టునంతటిని కొని ధర పెంచుచున్నాడని రాజునకు ఫిర్యాదు చేశారు. 1455లో పార్లమెంటుకు అర్జీ పెట్టుకొని, విదేశీయులు తయారైన రిబ్బనులను దిగుమతి చేయుటచేత తమ జీవనము పోవుచున్నదని చెప్పారు. ఈ పని నేర్చుకొనుచున్న స్త్రీలు వెయ్యిమందికి పైగా ఉన్నారని ఆ అర్జీ తెలిపింది. జెనోవా నడికట్లు మినహా అట్టి సరుకుల దిగుమతిని నిషేధిస్తూ చట్టము వచ్చింది. ఓటు లేని, సంఘము లేని స్త్రీలు చట్టమును సాధించుకొన్నారు.

వారిలో కొందరి పేర్లు మిగిలాయి. 1483లో మూడవ రిచర్డు పట్టాభిషేకమునకు రాజు, రాణుల అంగీలకు పట్టు, బంగారు నాడాలను, కుచ్చులను సమకూర్చినది ఆలిస్ క్లేవర్ అను విధవరాలు. ఈ పేరు ఏల మిగిలింది? డబ్బు చెల్లించిన లెక్కలు వ్రాశారు కనుక. భక్తిచరిత్రలు మరచిన పేర్లను జమాఖర్చు పుస్తకములు కాపాడాయి. పరిశోధన చేయు విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

6. మరచిన విద్యను చేతులతో నేర్చుకొనుట

పలకల నేతను గూర్చి ఆధునిక పండితలోకములో ఆసక్తి కలిగించినది 1901లో బెర్లినులో వెలువడిన మార్గరెట్ లేమాన్-ఫిలెస్ గ్రంథము. ఆ తరువాత డర్హామ్ పట్టీలను గ్రేస్ క్రోఫుట్ పరీక్షించి, ఏ దారము ఎటు మెలిపడినదో లెక్కించింది. ఆమె వివరణ కూడా చేరిన కత్బర్టు అవశేషముల గ్రంథము 1956లో వెలువడింది. 1982లో పీటర్ కాలింగ్‌వుడ్ అను నేతకారుడు ఈ పద్ధతులన్నిటిని ఒకే పెద్ద గ్రంథములో వివరించాడు. వ్రేళ్లకు దారపు ఉచ్చులు తగిలించుకొని అల్లు నాడాల విషయములో 15వ శతాబ్దపు ఇంగ్లీషు చేతివ్రాత ప్రతులలో సూచనలే మిగిలి ఉన్నాయి. కాని వాటిని చదివితే అర్థము కాదు. దారము పట్టుకొని చేస్తేనే అర్థమవుతుంది.

ఈ మాటను పరీక్షించుటకు మేము కూడా దళసరి అట్టను చదరములుగా కోసి, రంధ్రములు చేసి, నూలు ఎక్కించి చూచాము. మొదటి జానెడు పట్టీ వంకరగా వచ్చింది. పలకలను ఒకే దిక్కుగా త్రిప్పుచు పోగా, నేసిన వైపున క్రమము కనబడుచుండగానే, నేయని వైపున దారములు మెలిపడి బిగుసుకొని, చివరకు పలకలు కదలలేదు. అప్పుడు వెనుకకు త్రిప్పక తప్పలేదు. త్రిప్పిన చోట నమూనాలో ఒక గుర్తు పడుతుంది. పాత పట్టీలలో అట్టి గుర్తులను చూచి, నేసినవారు ఎక్కడ ఆగి దిక్కు మార్చారో పండితులు చెప్పగలుగుచున్నారు. పేరు లేని ఆ మనిషి నిర్ణయము అక్కడ కనబడుతుంది. పుస్తకములో పదిమార్లు చదివిన ఈ సంగతి ఆ బిగుసుకొన్న దారముల యెదుట మాత్రమే మాకు బోధపడినది.

7. మన సంఘముల విషయము

ఇదంతా దూరదేశపు సంగతి అని అనుకొనవచ్చును. మన గోదావరి ప్రాంతములో నరసాపురము లేసు పనిని తలంచండి. 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబములు మొదట క్రైస్తవ సంఘములలోని పేద స్త్రీలకు ఈ పనిని నేర్పాయి. తరువాత అది ఇతర కుటుంబములకు వ్యాపించి, విదేశములకు ఎగుమతి అగు సరుకైనది. 1982లో మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు ప్రచురించిన అధ్యయనము, ఈ స్త్రీలను పనివారుగా కాక ఇంట్లో తీరికవేళ కూర్చున్న గృహిణులుగా లెక్కించుటచేతనే వారికి తక్కువ కూలి దక్కినదని చూపింది. లండను స్త్రీలకు కనీసము తమ వృత్తికి పేరుండెను. మన స్త్రీలకు అదియు లేకపోయినది. నేర్పిన మిషనరీలు మేలు తలపెట్టినవారే. అయినను పనిని కానుకగా ఇచ్చి, పనివారిని లెక్కలో వ్రాయకపోతే ఆ మేలు సగములోనే ఆగుతుంది.

మన సంఘముల శతజయంతి సంచికలను తిరగవేయండి. మిషనరీల చిత్రములు, కాపరుల వరుస, గంట ఇచ్చిన దాత పేరు, బల్ల చేయించిన కుటుంబము పేరు ఉంటాయి. బల్లమీది గుడ్డకు అంచు అల్లినవారెవరు? దానిని నలభై ఏండ్లు ఉతికి, మాసిక వేసి, ప్రభుభోజనపు ఆదివారమునకు సిద్ధపరచినవారెవరు? ఆ పేర్లు ఇంకా వృద్ధుల జ్ఞాపకములలో ఉన్నాయి. మరొక తరము తరువాత ఉండవు. వేదాంత విద్యార్థులు తమ స్వంత సంఘములలో ఈ ప్రశ్న అడిగి, జవాబులను వ్రాసి పెట్టవలెనని మేము కోరుచున్నాము. సంఘపు జమాఖర్చు పుస్తకములను, స్త్రీల సమాజపు హాజరు పుస్తకములను పారవేయకుండ కాపాడవలెనని కాపరులను వేడుకొనుచున్నాము.

ముగింపు

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో యొప్పేలో ఒక స్త్రీ చనిపోయింది. పేతురు రాగానే విధవరాండ్రు ఏడ్చుచు అతనికి చూపించినది ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలను, వస్త్రములను. ఆమె జీవితమునకు సాక్ష్యము ఆ కుట్టుపనియే. లూకా అక్కడ ఆగక, ఆమె పేరును రెండు భాషలలో వ్రాశాడు: తబితా అనియు, దొర్కా అనియు. బిషప్పుల వస్త్రములను భద్రపరచిన సంఘము, లూకా చేసిన ఈ చిన్న పనిని తరచుగా మరచింది. డర్హామ్ పట్టీలను నేసినవారి పేర్లు ఇక మనకు దొరకవు. మన బల్లమీది గుడ్డ అంచు అల్లినామె పేరు ఇంకా దొరుకుతుంది. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత అడిగితే చాలును.